తన వెంట తానే పడిన వసోంగా

వాన పట్టుకుంటే న్యార్ సేమే టీ కొట్టులోంచి ఎవరూ కదలరు. కదలాలన్నా వల్లకాదు. నెత్తి మీద రేకుల మోత, గుమ్మం ముందు ఎర్రనీళ్ళు, ఆ పైన వేడినూనెలో పొంగుతున్న మందాజీ బూరెల వాసన. ఆమె సేమే ప్రాంతం నుంచి కిసుముకి కాపురానికొచ్చిన మనిషి గనక ఊరంతా న్యార్ సేమే అనే పిలుస్తుంది, అంటే సేమే ఆడపడుచు అని. అసలు పేరేమిటో ఆమెకి బాప్తిస్మమిచ్చిన ఫాదరుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం కొట్టులో వసోంగా ఉన్నాడు. అంటే వాన లేకపోయినా జనం కదిలేవాళ్ళు కాదన్నమాట. వసోంగా రోడ్డు మలుపులో పట్టా పరిచి పాతబూట్లు అమ్ముతాడు. బూట్లకంటే మాటలే ఎక్కువ పోతాయి అతని దగ్గర. ఎడమకాలి బూటు ఒకటే దొరికితే, దాని జత కాంగో యుద్ధంలో పోయిందని చెప్పి ఆ ఒక్కదాన్నే అమ్మగలడు.

అతనికి ఎదురుగా బల్ల మీద ఇద్దరున్నారు. ఒకడు ఒబుంగా, బైకు మీద మనుషుల్ని తిప్పే కుర్రాడు. వసోంగా ఎక్కడ కథ మొదలెడితే అక్కడ వచ్చి కూర్చుని సూదులు గుచ్చడం వాడికి సరదా. రెండోవాడు ముసలి ఒపాలా, రేవులో ఒక పడవకి యజమాని. పోయిన వారం ఎవరో ఆయన పడవ ఇంజను విప్పుకుపోయారు. అప్పట్నుంచీ ఆయన టీ తెప్పించుకోవడమే గానీ తాగడం లేదు.

"పోలీసులు రాసుకున్నారు," అన్నాడు ఒపాలా. "రాసుకుని ఊరుకున్నారు. మా అల్లుడేమో ప్రైవేటు డిటెక్టివుని పెట్టుకోమంటాడు. అదీ లైసెన్సున్నవాణ్ణే పెట్టుకోవాలట. లేకపోతే ఒక దొంగ చాలక ఇంకో దొంగని తెచ్చుకున్నట్టవుతుందట. లైసెన్సున్నవాణ్ణి నేనెక్కడ వెతకను నాయనా? వాణ్ణి వెతకడానికి ఇంకో డిటెక్టివు కావాలి."

వసోంగా గొంతు సవరించుకున్నాడు.

"ఆ లైసెన్సు సంగతి నాకు కొద్దిగా తెలుసులెండి, పెద్దాయనా."

నిజానికి తెలుసు. వయసులో ఉన్నప్పుడు నైరోబీలో ఆ విద్య నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో కొంతకాలం వరండాలు ఊడ్చాడు. చీపురు పట్టుకుని కిటికీ అవతల నిలబడి పాఠాలు విన్నాడు. పోలీసుల దగ్గర నడవడిక బాగుందన్న కాగితం తెచ్చుకోవాలి, వేలిముద్రలివ్వాలి, శిక్షణ పొందాలి, పరీక్ష పాసవ్వాలి, అప్పుడే లైసెన్సు. ఆ నాలుగు ముక్కలూ చెప్పి ఆగితే ముసలాయనకి ఎంతోకొంత సాయమయ్యేది. కానీ ఆగడం ఒక్కటే వసోంగాకి అబ్బని విద్య.

"కొద్దిగా ఏంటి ఒమెరా," అన్నాడు ఒబుంగా, అన్నా అన్నట్టు సాగదీస్తూ. "నీకేదైనా కొద్దిగా తెలియడం నేనెప్పుడూ చూళ్ళేదే."

అంతే. గేటు తెరుచుకుంది.

"చూడు, నేను గొప్పలకి పోయే మనిషిని కాదు. అడిగారు గనక చెబుతున్నా. ముందు పోలీసు ఆఫీసుకి పోవాలి. పోయాను. నా పది వేళ్ళకీ సిరా పూశారు, కాగితం మీద ఒత్తారు. ఆఫీసరు కాగితం చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు, కుర్చీలోంచి లేచి నిలబడి టోపీ తీశాడు. ఏమైంది సార్ అన్నా. 'అయ్యా, ముద్రే పడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పుడు వస్తువు కూడా ముట్టుకోని వేళ్ళకే ఇలా అవుతుందని మా తాత చెప్పేవాడు, కళ్ళారా చూడటం ఇదే' అన్నాడు."

"సిరా అయిపోయుంటుంది," అన్నాడు ఒబుంగా.

"సీసాడు సిరా! నువ్వు మధ్యలో రాకు. సరే, ఆ తెల్లకాగితాన్నే అద్దం కట్టించి గోడకి తగిలించారు, నన్ను శిక్షణకి పంపారు. మొదటి పాఠం ఏంటనుకున్నావ్? కదలకుండా నిలబడటం. నిఘా అంటే అదేగా మరి. మైదానంలో మమ్మల్నందర్నీ నిలబెట్టారు. గంటకొకడు కూలబడ్డాడు. ఒకడికి దురద, ఒకడికి దాహం, ఒకడికి పెళ్ళాం గుర్తొచ్చింది. నేను నిలబడ్డాను. చీకటి పడింది, తెల్లారింది, నేను నిలబడే ఉన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక కొంగ వచ్చి నా నెత్తిన పుల్ల పెట్టింది."

"పుల్లా?" అన్నాడు ఒపాలా.

"గూటి కోసం, పెద్దాయనా! ఇంకో పుల్ల, ఇంకో పుల్ల. గూడు కట్టింది, గుడ్లు పెట్టింది. ఇప్పుడు నేను కదిలితే ఆ పాపం నాదేగా? నిలబడ్డాను. గుడ్లు పిల్లలయ్యాయి. అటవీశాఖవాళ్ళు వచ్చి నా చుట్టూ కంచె వేసి బోర్డు పెట్టారు. పెళ్ళివాళ్ళు వచ్చి నా పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఆఖరికి కరెంటువాళ్ళు నిచ్చెన వేసుకుని వచ్చి నా చెవికి తీగ కట్టబోతే, మా మాస్టారు పరిగెత్తుకొచ్చి 'బాబోయ్, ఆయన స్తంభం కాదు, విద్యార్థి' అని అడ్డం పడ్డాడు."

న్యార్ సేమే మందాజీలు తిప్పడం ఆపేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒబుంగా మాత్రం నవ్వలేదు.

"మరి అన్ని రోజులూ ఏం తిన్నావ్?"

"కొంగ తన పిల్లలకి చేపలు తెస్తుందా లేదా? నాకూ ఒకటి పెట్టేది. నన్ను పెద్దకొడుకు అనుకుంది."

ఈసారి ఒబుంగా కూడా ఓడిపోయి నవ్వాడు. వసోంగా ఒంట్లోకి వేడి పాకింది. టీ వల్ల కాదు. ఎదుటి మొహాలు విచ్చుకుంటుంటే చూడటం అతనికి ఆకలేసినప్పటి అన్నం లాంటిది. ముసలి ఒపాలా కూడా వారం తర్వాత మొదటిసారి గ్లాసెత్తి ఒక గుక్క తాగాడు. అది చూసి వసోంగాకి మరీ ఊపొచ్చింది.

అప్పుడే ఒక అమ్మాయి వానలోంచి లోపలికొచ్చి, గొడుగు దులిపి, బల్ల చివర కూర్చుని టీ ఇమ్మంది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. ఎవరూ పట్టించుకోలేదు. వసోంగా అసలు పట్టించుకోలేదు.

"రెండో పాఠం వెంబడించడం," అన్నాడు. "వాడికి తెలియకుండా వాడి వెంట పోవాలి. అందరికీ తలా ఒక మనిషిని ఇచ్చారు. నాకిచ్చినవాడు మహా అనుమానపు మనిషి, తన నీడని కూడా ముందు నడవమనే రకం. వాడు మొంబాసా రైలెక్కుతున్నాడు. నేనేం చేశాను? వాడి పెట్టెలో దూరాను."

"పెట్టెలోనా!"

"మడతపెట్టుకుని! నేనప్పుడు సన్నగా ఉండేవాణ్ణి. రాత్రంతా బట్టల మధ్య పడుకున్నా. మొంబాసాలో వాడు దిగి, పెట్టె తెరిచి, ఆ గుడ్డివెలుతురులో చొక్కా అనుకుని నన్నే తొడుక్కున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను తొడుక్కునే ఉంపుడుకత్తె ఇంటికి పోయాడు! ఆవిడ తలుపు తీసి, 'చొక్కా బాగుందే, ఎక్కడ కొన్నావ్' అని నా గుండెల మీద చెయ్యేసింది. నేను ఊపిరి బిగబట్టి, బొత్తాలు గట్టిగా పట్టుకుని ఉన్నా. వాళ్ళు మాట్లాడుకున్న ప్రతి మాటా విన్నా. మర్నాడు చాకలికి వేశారు గనక బయటపడ్డాను, లేకపోతే ఇవాళ్టికీ అక్కడే ఉందును."

కొట్టంతా ఘొల్లుమంది. బల్ల చివరి అమ్మాయి కూడా నవ్వింది, పెదాలతో. కళ్ళు మాత్రం వసోంగా మీదే ఉన్నాయి.

"మరి ఆఖరి పరీక్షలో ఎవర్ని వెంబడించమన్నారు బాబాయ్?" అంది.

కొత్త గొంతు వినబడితే వసోంగాకి కొత్త ప్రాణం వస్తుంది. "మంచి మాట అడిగావు తల్లీ! మాస్టార్లందరూ కూర్చుని తలలు పట్టుకున్నారు. ఎవర్నిచ్చినా వీడు పట్టేస్తున్నాడు, ఇక వీడికి తగిన మనిషి ఎవరు అని. ఆఖరికి పెద్దమాస్టారన్నాడు, 'వసోంగా, నీకు సమానమైనవాడు ఈ దేశంలో ఒక్కడే ఉన్నాడు. నిన్ను నువ్వే వెంబడించు. నీకు తెలియకుండా.'"

"హమ్మో," అంది న్యార్ సేమే.

"ఏమనుకున్నావ్! నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నా, పేపరు అడ్డం పెట్టుకున్నా, నా వెనకే బయల్దేరా. అబ్బ, ఎంత జాగ్రత్తగల మనిషినో నేను! సందు తిరిగితే వెనక్కి చూసేవాణ్ణి. నేను చూసినప్పుడల్లా నేను దాక్కునేవాణ్ణి. ఇద్దరం ఒకే బస్సెక్కాం. నైవాషాలో బస్సాగితే అవసరానికి చెట్టు చాటుకి పోయా. వచ్చి చూద్దును కదా, నేను లేను! తప్పించుకుపోయాను! ఊరంతా గాలించా. ఇలా ఉంటాడు, ఈ పొడుగు, ఈ ముక్కు, చూశారా అని అడిగితే అక్కడివాళ్ళు ఏమన్నారో తెలుసా? 'చూశాం నాయనా, ఇందాకే వచ్చి నీకోసమే అడిగి వెళ్ళాడు' అన్నారు."

ఒబుంగా బల్ల మీద తలపెట్టి భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు.

"ఆఖరికి ఏం చేశానంటే, ఎక్కడ తిరిగినా ఇంటికి రాక మానడు కదా అని మా ఇంటి తలుపు వెనకే నక్కి కూర్చున్నా. వచ్చాడు. భుజం మీద చెయ్యేసి 'దొరికావ్' అన్నా. 'నువ్వూ దొరికావ్' అన్నాడు. ఇద్దరం పాసు!"

"అయితే లైసెన్సు చూపించు ఒమెరా," అన్నాడు ఒబుంగా కళ్ళు తుడుచుకుంటూ.

"చూపిస్తే ఇక రహస్యం ఏముందిరా? కనబడని కాగితం మీద కనబడని సిరాతో ఇచ్చారు. ఇప్పుడు నీ ముందే పెట్టాను, చూసుకో."

వసోంగా అరచెయ్యి చాపాడు. అందరూ నవ్వారు. ముసలి ఒపాలా ఒక్కడు నవ్వలేదు. ఆయన మెల్లగా లేచి వచ్చి, ఆ చాచిన ఖాళీ చేతిని తన రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాయనా, నువ్వు చెప్పినదాంట్లో సగం హాస్యమని నాకూ తెలుసు. కానీ ఏమీ తెలియనివాడు ఇంత చెప్పలేడు. లైసెన్సు కాగితం నాకక్కర్లేదు. నా ఇంజను వెతికిపెట్టు. పడవ ఒడ్డున బోర్లా పడుంది. అందులో వలలేసే కుర్రాళ్ళు రోజూ పొద్దున్నే వచ్చి, నన్నేమీ అనకుండా దాని పక్కన కూర్చుని పోతున్నారు. వాళ్ళు తిట్టినా బాగుండును."

వసోంగా కోరింది నవ్వు. వచ్చి పడింది నమ్మకం. నవ్వునైతే ఎలా పట్టుకోవాలో అతనికి తెలుసు, ఈ ముసలి చేతుల్ని ఏం చెయ్యాలో తెలియలేదు. సరే అనడానికి ధైర్యం లేదు, కాదనడానికి అంతకంటే లేదు. తోచక, అలవాటైన దారినే పోయాడు.

"మీరు దిగులుపడకండి పెద్దాయనా. నా వీపుకి కూడా కళ్ళున్నాయి. చీమ నా వెంట నడిచినా నాకు తెలిసిపోతుంది..."

బల్ల చివరి అమ్మాయి గ్లాసు కింద పెట్టింది.

"బాబాయ్, నేను ఆదివారం నుంచీ మీ వెనకాలే ఉన్నాను."

ఒబుంగా చటుక్కున ఆమె వైపు తిరిగాడు.

"నా పేరు అడోయో," అంది. "ప్రైవేటు డిటెక్టివు లైసెన్సు కోసం శిక్షణలో ఉన్నాను. దారిన పోయే మనిషినొకర్ని ఎంచుకుని, వాళ్ళకి తెలియకుండా వెంబడించాలి. అది నా పరీక్ష. మిమ్మల్ని ఎంచుకున్నాను."

"నన్నా? నేను నిన్నెక్కడా చూళ్ళేదే," అన్నాడు వసోంగా.

"మొన్న మీ దగ్గర నల్లబూట్లు కొన్నాను. నా పాదానికి కొలత కూడా మీరే చూశారు." కాళ్ళు ముందుకి చాపింది. అవి వసోంగా బూట్లే. "నిన్న మటాటు వ్యానులో మీ పక్కనే కూర్చున్నాను. మీరు నా భుజం మీద తలపెట్టుకుని నిద్రపోయారు. గురక కూడా పెట్టారు."

ఒబుంగా బల్ల మీంచి కిందకి జారిపోయాడు. న్యార్ సేమే జల్లిగరిటెతో గోడని కొట్టి కొట్టి నవ్వింది. వసోంగా మొహంలోకి నెత్తురంతా వచ్చి చేరింది.

"మిమ్మల్ని నవ్వులపాలు చెయ్యాలని రాలేదు బాబాయ్," అడోయో దగ్గరికి జరిగింది. "పరీక్ష అయ్యాక, వెంబడించిన మనిషి మా మాస్టారితో ఫోనులో ఒక మాట చెప్పాలి, నేను గమనించలేదు అని. ఇంతకుముందు రెండుసార్లు పరీక్ష తప్పాను. ఒకసారి బ్యాంకు గుమాస్తా చూసేశాడు. ఇంకోసారి ఇంకొకాయన వెంట పోతే ఆయన భార్య చూసి చెంప పగలగొట్టింది. ఈసారి కూడా పోతే ఇక రానివ్వరు. ఒక్క మాట చెప్పండి, చాలు."

వసోంగా తల ఊపాడు. ఇంకేం చేస్తాడు. ఆమె ఫోను కలిపి, అందరికీ వినబడేలా పెట్టి బల్ల మీద ఉంచింది. అవతల్నించి ఎండుకట్టె విరిగినట్టుండే గొంతొకటి పలికింది.

"అయ్యా, మా విద్యార్థిని మిమ్మల్ని వెంబడించడం మీరు ఎప్పుడైనా గమనించారా?"

"లేదు సార్," అన్నాడు వసోంగా, నేల చూస్తూ.

"వీపుకళ్ళు మూసుకుపోయాయి సార్!" అన్నాడు కిందనుంచి ఒబుంగా. మళ్ళీ నవ్వులు.

ఆ నవ్వు వేరు. తను చెప్పినదానికి వచ్చింది కాదు, తన మీదకి వచ్చింది. వసోంగా తట్టుకోలేకపోయాడు.

"నోరుముయ్యరా! మొదటిరోజే కనిపెట్టాను. పాపం ఆడపిల్ల, పరీక్ష కదా అని తెలియనట్టు ఊరుకున్నాను."

"ఏమన్నారూ?" అంది ఫోను.

అడోయో మొహం పాలిపోయింది. ఆ మొహం చూసి వసోంగా గబుక్కున ఫోను మీదకి వంగాడు.

"అబ్బే! లేదు సార్! హాస్యం! నేను కనిపెట్టడమేంటి సార్? నేనెంత గుడ్డివాణ్ణో మీకు తెలియదు! నా పెళ్ళాన్ని దగ్గు బట్టి గుర్తుపడతాను. మొన్న సరస్సు ఒడ్డున బండరాయి అనుకుని నీటిగుర్రం వీపు మీద పట్టా పరిచి బూట్లు అమ్మాను సార్. బేరాలు బాగానే సాగాయి. అది నీళ్ళలోకి దిగితే ఊళ్ళోకి వరదొచ్చిందనుకుని, బూట్లు నెత్తిన పెట్టుకుని దాని మీదే నిలబడి కేకలేశాను..."

న్యార్ సేమే వద్దు వద్దని చేతులూపుతోంది. వసోంగా చూడలేదు.

"సరే సరే," అంది ఫోను, ఇంకా ఎండిపోయి. "అంత చూపులేని మనిషిని వెంబడించడం పరీక్ష కిందకి రాదు. అడోయో, ఇది చెల్లదు. రద్దు చేస్తున్నాను."

"సార్, సార్, వినండి," అంది అడోయో.

వసోంగా ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఎక్కువ చెబితే ఆమె పోతుంది, తక్కువ చెప్పినా పోతుంది. ఉన్నదున్నట్టు చెప్పాలి. అటువైపు దారే తెలియనివాడిలా కాసేపు తడుముకున్నాడు.

"సార్, ఆగండి. నా పేరు వసోంగా. పాతబూట్లు అమ్ముతాను. నా రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి. ఈ అమ్మాయి నా దగ్గర బూట్లు కొంది, కొలత నేనే చూశాను. వ్యానులో నా పక్కన కూర్చుంది. అయినా నేను చూడలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతూ ఉంటాను సార్. ఎదుటివాళ్ళు నవ్వుతున్నారా లేదా అన్నదే చూస్తాను. నవ్వేది ఎవరో చూడను."

ఫోను ఇంకో ప్రశ్న వేసింది.

"ఈ పనిలో మీకేమైనా అనుభవం ఉందా? శిక్షణ, లైసెన్సు?"

వసోంగా ఒపాలా వైపు తిరిగాడు. "లేదు సార్. లైసెన్సు లేదు. ఒకప్పుడు మీలాంటివాళ్ళ కేంద్రంలో వరండా ఊడ్చాను, అంతే."

"మంచిది, చూపున్న మామూలు మనిషే," అంది ఫోను. "అడోయో, పాసయ్యావు. కాగితాలకి వచ్చి కనబడు."

అడోయో రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఒబుంగా లేచి బల్ల మీద సరిగ్గా కూర్చున్నాడు. ఒపాలా వసోంగా భుజం తట్టి, కర్ర సాయంతో అమ్మాయి పక్కకి పోయి కూర్చున్నాడు.

"తల్లీ, నా ఇంజను సంగతి..."

"లైసెన్సు చేతికి రావాలి పెద్దాయనా. అంతవరకూ నేను వెతకడం తప్పు. రాగానే ముందు మీ దగ్గరికే వస్తాను."

"వస్తావు కదా?"

"వస్తాను."

"అయితే ఆగుతాను. ఇంతవరకూ దేనికోసం ఆగుతున్నానో తెలియలేదు," అన్నాడు ఒపాలా, తన టీ దగ్గరికి లాక్కుంటూ.

వాన తెరిపిచ్చింది. వసోంగా ఫోను తుడిచి బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. న్యార్ సేమే కాసేపు ఎదురుచూసింది. తర్వాతేదో ఉంటుందని ఒబుంగా కూడా మొహం ఎత్తి చూస్తున్నాడు.

"ఊఁ, ఆ తర్వాత?" అంది ఆమె.

"తర్వాతేం లేదు. అంతే."

న్యార్ సేమే పొయ్యి వదిలేసి వచ్చింది. పిండి చెయ్యి తుడుచుకుని, అతని నుదుటి మీద పెట్టి చూసింది.

"ఒరే ఒబుంగా, బైకు తియ్యరా," అంది. "ఈయన ఒంట్లో ఏదో తేడా చేసింది, ఆసుపత్రికి తీసుకుపో."